జింజ్ మందుల షాపులో సర్ఫ్ గొడవ

పేరయ్య బాబాయ్ మందుల కవరు ఒక పట్టాన వదలడు. కవరుకి ఒక పక్క కొన్నవాళ్ళ చెయ్యి, ఇంకో పక్క బాబాయ్ చెయ్యి. మధ్యలో అది ఉయ్యాలలాగా ఊగుతుంటుంది.

"తిరిగి చెప్పు" అంటాడు.

"ఏం చెప్పాలండీ?"

"నేనేం చెప్పానో అదే. పొద్దుట ఏది, రాత్రి ఏది, తిన్నాక ఏది."

సరిగ్గా చెబితే కవరు వదుల్తాడు. తప్పితే మళ్ళీ మొదటికి. సుబ్బాయమ్మ అని, ముహర్రక్‌లో ఒక అరబ్బులింట్లో వంట చేసే ఆవిడ, ఒకసారి మండిపడింది. "ఏవయ్యోయ్, నువ్వేమన్నా డాక్టరువా? మాప్ కర్ర పట్టుకునేవోడివి నాకు పాఠం చెబుతావా?" అంది.

"మాప్ కర్రేనమ్మా. కాకపోతే తెలుగు వచ్చిన కర్ర. చెప్పు చెప్పు, నీ బస్సు పోద్ది."

ఆవిడ తిట్టుకుంటూనే ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పి, కవరు లాక్కుని పోయింది. తర్వాతి నెల మందులకి మళ్ళీ ఆ షాపుకే వచ్చింది. ముహర్రక్‌లో మందుల షాపులు లేక కాదు.

షాపు బహ్రెయిన్‌లో, జింజ్ అనే పేటలో, ఫ్లాట్ల కింద వరసలో చివరిది. పక్కనే లాండ్రీ. రోజంతా ఇస్త్రీ ఆవిరి గోడ దాటొచ్చి, మందుల వాసనతో కలిసి, లోపల ఏదో వర్షం పడి వెలిసినట్టుంటుంది. నేను బైకు మీద మందులు ఇళ్ళకి చేరవేస్తాను. మూడు షాపులకి తిరుగుతాను కానీ కాలు నిలిచేది ఇక్కడే. డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చినోణ్ణి, ఎవడైనా పాఠం అప్పజెప్పమంటే నాకు ఒళ్ళు మంట. అయినా బాబాయ్ అడుగుతుంటే మాత్రం కూర్చుని వినబుద్ధేస్తుంది.

వీసా మీద ఆయన పని క్లీనర్. పంతొమ్మిదేళ్ళుగా అదే. అంతకుముందు ముమ్మిడివరం పక్కన కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టెక్కాక కత్తి ఎత్తే ముందు "కాయోయ్!" అని ఒక అరుపు అరవాలట. కింద నించి ఎవరో ఒకరు "ఆఁ!" అనాలి. ఆ "ఆఁ" వినపడేదాకా కాయ వదలకూడదు. "కింద మనిషి ఉన్నాడో లేడో ఆకుల్లోంచి కనపడదురా. వాడు విన్నాడని మనకి వినపడాలి. అదీ లెక్క" అనేవాడు.

ఆ లెక్క ఆయన బహ్రెయిన్ వచ్చి మర్చిపోయాడు. గుర్తు చేసింది గంగన్న.

గంగన్నది జగిత్యాల పక్క పల్లె. మామీర్‌లో కూలీల క్యాంపు, రాడ్లు వంచి కట్టే పని. పదకొండేళ్ళ కిందట షుగరు వచ్చిందని చీటీ పట్టుకుని జింజ్ వచ్చాడు. అప్పుడు కౌంటర్లో ఉన్నాయన ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. గంగన్న బిక్కమొహం చూసి, నేల తుడుస్తున్న బాబాయ్ కల్పించుకున్నాడు. "రెండు పూటలా కాదు. ఈ బిళ్ళ ఒక్క పొద్దే" అన్నాడు. రోజుకి ఒక్కసారే అని ఆయన ఉద్దేశం. గంగన్న సంతోషంగా తలూపి వెళ్ళిపోయాడు.

గంగన్నకి ఒక్కపొద్దంటే ఉపవాసం. బిళ్ళ వేసుకుని, నిష్ఠగా అన్నం ముట్టకుండా, రెండు రోజులు ఎండలో రాడ్లు మోశాడు. మూడో రోజు ఆ రాడ్ల మీదే పడిపోయాడు.

బాబాయ్ ఆసుపత్రికి పరిగెత్తాడు. చేతికి సూదితో పడుకున్న గంగన్న నవ్వాడట. "నాకేమెర్క అన్నా. మా అవ్వ శనారం శనారం ఒక్కపొద్దుంటది. గీ గోలీకి గూడ గట్లనే మొక్కాలె గావచ్చు అనుకున్న."

బాబాయ్‌కి మాత్రం నవ్వు రాలేదు. కింద నించి "ఆఁ" అనిపించుకోకుండానే కాయ కొట్టేశానని ఆయనకి తెలిసిపోయింది. ఆ మర్నాటి నించే "తిరిగి చెప్పు" మొదలు. గంగన్న అయితే అప్పట్నించి ఏ మందైనా జింజ్ వచ్చే కొంటాడు. ఒక్కోసారి అడక్కముందే అప్పజెబుతాడు. కవరు చేతికొచ్చాక కూడా ఆ 'తిరిగి చెప్పు' కోసం నిలబడతాడు, గుళ్ళో తీర్థం కోసం చెయ్యి చాపినట్టు.

మధ్యాహ్నం ఒంటిగంట నించి నాలుగింటిదాకా షాపు మూస్తారు. బయట ఎండ తెల్లగా కాగి, రోడ్డు కూడా కళ్ళు మూసుకున్నట్టుంటుంది. వెనక గదిలో అట్టపెట్టెలు పరుచుకుని బాబాయ్ పడుకుంటాడు. నేనూ ఓ పక్కన ఒరుగుతాను. ఆయనకి ఆ టైములో ఒకటే కల వస్తుంది. లేవగానే చెబుతాడు. చెట్టు మీద ఉంటాడు. కానీ కింద కోనసీమ ఉండదు, ముహర్రక్ సముద్రం ఉంటుంది, పల్చగా, పాలలా. గెలల్లో కొబ్బరికాయలకి బదులు మాత్రలు. తెల్లవి, పచ్చవి, గులాబీవి, ఒక్కోటి కాయంత. గాలికి ఒకదానికొకటి తగిలి గాజుల్లా మోగుతుంటాయి. కింద నీళ్ళలో మోకాలి లోతున జనం నిలబడి ఉంటారు, అందరూ తెలిసినవాళ్ళే. బాబాయ్ "కాయోయ్!" అంటాడు. సముద్రం అంతటా "ఆఁ" అని వినపడుతుంది.

"అంతేనా?" అనేవాణ్ణి.

"అంతే. ఎంత బాగుంటుందో తెలుసా?" అనేవాడు, ఇంకా సగం చెట్టు మీదే ఉన్నట్టు.

కౌంటర్లో ఇప్పుడు ఉండేది జైనబ్. బహ్రెయినీ అమ్మాయి, ఆరేళ్ళుగా ఇక్కడే. మందులిచ్చే లైసెన్సు ఆవిడది. అందరూ దక్తోరా అంటారు, అంటే డాక్టరమ్మ. ఆవిడ నోట్లో 'ప' పలకదు, అందుకని బాబాయ్‌ని "బేరయ్యా" అంటుంది. ఆయనకి బేరమాడటం చేతకాదు, పేరు మాత్రం బేరయ్య. ఆవిడ మందు తీసి చీటీతో సరిచూసి ఇంగ్లీషులోనో హిందీలోనో చెబుతుంది, బాబాయ్ దాన్ని తెలుగు చేసి అప్పజెప్పించుకుంటాడు. ఆరేళ్ళుగా ఇది జోడెడ్ల బండిలా నడుస్తోంది.

ఈ ఏడాది చలికాలం అయిపోతుండగా షాపులో గొడవ మొదలైంది. షాపు యజమాని, బాబాయ్‌కి వీసా ఇచ్చిన కఫీల్ కూడా ఆయనే, రోజూ సాయంత్రం వచ్చి జైనబ్‌తో అరబీలో వాదించేవాడు. బాబాయ్‌కి వచ్చిన అరబీ అంతా బకెట్లు, బాత్‌రూములకి సరిపోయేంత. అందులో ఒక మాట మాత్రం ఆయనకి పదేపదే స్పష్టంగా వినపడేది. సర్ఫ్.

ఒకరోజు మొహం వేలాడేసుకుని నాతో అన్నాడు. "సర్ఫ్ మీద పడ్డార్రా."

"ఏం సర్ఫ్?"

"బట్టల సర్ఫ్. నేను బకెట్లో వేసేది. సర్ఫ్ ఎక్కువైపోతోందంట. సర్కారు ఇవ్వదంట. సర్ఫ్ ఇంత కావాలని కఫీలు, కాదు అంతేనని వాళ్ళు. మధ్యలో దక్తోరా."

"సర్కారుకి నీ సర్ఫ్ ఎందుకు బాబాయ్?"

"ఏమో. ఖర్చులు తగ్గిస్తున్నారు కదా అన్నిటా."

నేను నవ్వి ఊరుకున్నాను. తప్పే. ఆయన నవ్వలేదు. ఆ రోజు నించి బకెట్లో రెండు చెంచాల పొడికి బదులు ఒకటే వేశాడు. తర్వాత అరచెంచా. ఆ తర్వాత ఒట్టి నీళ్ళే. పొడి డబ్బా బీరువా వెనక దాచాడు, కఫీలు కంట పడకుండా. పదిరోజులకి షాపు నేల చెప్పుకి అతుక్కోవడం మొదలెట్టింది. నడుస్తుంటే చప్ చప్ అని శబ్దం.

జైనబ్ నన్ను పిలిచి అడిగింది. "బేరయ్యకి ఒంట్లో బాగాలేదా? నేల ఎందుకిలా ఉంది?"

నేను చెప్పేశాను. ఆవిడ ఒక క్షణం నన్నే చూసి, కౌంటరు మీద తల వాల్చి నవ్వింది. కళ్ళ కాటుక చెదిరేదాకా నవ్వింది. తర్వాత విషయం విడమరిచింది. అరబీలో మందు తీసి మనిషి చేతికివ్వడాన్ని సర్ఫ్ అంటారట. డబ్బు ఖర్చుపెట్టడం కూడా సర్ఫే. సర్కారు ఆసుపత్రుల్లో ఇచ్చే మందులు కొన్ని ఇకమీద మాలాంటి షాపుల్లో ఇస్తారట, షాపులకి ఒక్కో చీటీకి ఇంతని ఫీజు. దాని మీద షాపుల సంఘానికీ సర్కారుకీ బేరాలు నడుస్తున్నాయి. ఆరోగ్యం మీద ఖర్చు ఇప్పటికే పెరిగిపోయింది, డబ్బా తీసి కవర్లో వేసినందుకు అంత ఫీజు ఎందుకని సర్కారు. మందు ఇవ్వడమంటే సబ్బు ఇవ్వడం కాదని షాపులు.

నేను పరిగెత్తుకెళ్ళి బాబాయ్‌తో చెప్పాను. "అది సర్ఫ్ కాదు బాబాయ్, సర్ఫ్!"

"ఏంట్రా నీ మొహం."

మళ్ళీ నిదానంగా చెప్పాను. ఆయన విని, బీరువా వెనక నించి డబ్బా తీసి, దాని మీద దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాడు. "లోకంలో అందరి చేతా అప్పజెప్పించుకుంటాను. నేను విన్నది ఒక్కడికైనా తిరిగి చెప్పి అడిగానా ముందే?" అన్నాడు. సిగ్గుపడ్డాడు పాపం. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నించి బకెట్లో నాలుగు చెంచాలు వెయ్యడం మొదలెట్టాడు. నురగ మోకాళ్ళదాకా వచ్చింది.

నవ్వు రెండు రోజులు నిలిచింది. మూడో రోజు కఫీలు వచ్చి అసలు సంగతి చెప్పాడు, జైనబ్ దాన్ని హిందీలో బాబాయ్‌కి చెప్పింది, కళ్ళు ఆయన మీద పెట్టకుండా. బేరంలో ఒక షరతు ఉందట. ఫీజు తీసుకునే షాపులో మందు గురించి మాట్లాడేది లైసెన్సు ఉన్న మనిషే. వేరే నోరు లేవకూడదు. మంగళవారం సర్కారు ఆఫీసు నించి ఒకావిడ వచ్చి, ఒక్కో మందు చేతికివ్వడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూస్తుంది. కొన్ని షాపుల్లో అలా చూసి ఫీజు మీద ఒక మాటకొస్తారు.

కఫీలు బాబాయ్ వైపు వేలు చూపించాడు. "నువ్వు నేల తుడువు. నోరు తెరిచావో, షాపు లైసెన్సు పోతుంది. నీ వీసా కూడా. ఖలాస్."

ఆయన చెడ్డవాడేం కాదు. భయపడ్డాడు, అంతే. ఆ ఒక్క మాటతో పదకొండేళ్ళ "తిరిగి చెప్పు" ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం బాబాయ్‌కి మళ్ళీ కల వచ్చింది. చెట్టు అదే, సముద్రం అదే. మాత్రలు గాలికి మోగుతున్నాయి. "కాయోయ్!" అన్నాడట. కింద జనం తలలెత్తి చూశారట గానీ ఎవరి నోరూ కదల్లేదట. నీళ్ళు మాత్రం కొంచెం కొంచెంగా పైకొస్తున్నాయి. చేతిలో పెద్ద పచ్చ మాత్ర, బరువుగా. పట్టుకోనూ లేడు, వదలనూ లేడు.

"ఎంతసేపు ఉన్నావలా?" అన్నాను.

"నువ్వు లేపేదాకా" అన్నాడు.

మంగళవారం పొద్దున్న ఆఫీసావిడ వచ్చింది. నల్ల అబాయా, చేతిలో ఫోను, చంకలో ఒక పలక లాంటి కంప్యూటరు. బరువు చూసుకునే మిషను పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎవరైనా కౌంటరు దగ్గరికి రాగానే ఫోను నొక్కేది, కవరు చేతులు మారగానే మళ్ళీ నొక్కేది. యాభై సెకన్లు. నలభై. ఒకాయనకైతే ఇరవై రెండే, ఆయన దగ్గు సీసాకొచ్చాడు. బాబాయ్ మూలన నురగలో మాప్ తిప్పుతున్నాడు, తిప్పిన చోటే తిప్పుతున్నాడు. నేను డెలివరీ కవర్ల కోసం తలుపు పక్కన నిలబడ్డాను.

పదకొండింటికి గంగన్న వచ్చాడు.

ఆయన వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా వాచి ఉన్నాయి. పెద్దాసుపత్రిలో కీళ్ళవాతం అని చెప్పి చీటీ రాశారు. రెండు మందులు. ఒకటి వారానికి ఒక్క బిళ్ళే వెయ్యాలి. దాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే మనిషి బతకడం కష్టం. రెండోది ఆ మందు చేసే చెరుపుకి విరుగుడు, మిగతా రోజులన్నీ వెయ్యాలి. రెండూ పసుప్పచ్చ బిళ్ళలే. రెండు డబ్బాలూ అరచేతిలో ఇమిడేవే.

జైనబ్ సరిగ్గానే చెప్పింది. హిందీలో, వేలు పెట్టి చూపించి. "యే సిర్ఫ్ జుమా కో. యే బాకీ దిన్." ఇది శుక్రవారం మాత్రమే, అది మిగతా రోజులని. డబ్బాల మీద ఇంగ్లీషులో రాసింది కూడా. గంగన్న ప్రతి ముక్కకీ తలూపాడు. క్యాంపుల్లో ఉన్నవాడికి తలూపడం కూడా డ్యూటీయే, అర్థమైనా కాకపోయినా ఊపుతాడు. కవరు చేతులు మారింది. ఆఫీసావిడ ఫోను నొక్కింది.

గంగన్న కదల్లేదు.

జైనబ్ చూసింది. ఆఫీసావిడ చూసింది. గంగన్న మాత్రం బాబాయ్ వైపు చూస్తున్నాడు. బాబాయ్ నేల వైపు.

"ఏందన్నా, గట్ల గమ్మునున్నవ్? అలిగినవా?" అన్నాడు గంగన్న. బాబాయ్ మాప్ ఇంకాస్త గట్టిగా తిప్పాడు. "సరే తియ్, నువ్వడగకపోతే నేనే జెప్త." కవర్లోంచి రెండు డబ్బాలూ తీసి కౌంటరు మీద పెట్టాడు. తెలుగులో, బళ్ళో పిల్లాడిలా గట్టిగా మొదలెట్టాడు. "గీ గోలీ శుక్రారం శుక్రారం ఒక్కటి. గీ గోలీ దినాం ఒక్కటి."

వేళ్ళు తారుమారయ్యాయి. రోజూ అన్నప్పుడు వాచిన ఆ వేలు వారం మందు మీద ఉంది.

షాపులో తెలుగు తెలిసినవాళ్ళం ముగ్గురమే. నేను నోరు తెరిచేలోపు మాప్ కర్ర నేల మీద పడ్డ చప్పుడైంది. బాబాయ్ తల పైకెత్తి, అరవై అడుగుల పై నించి అరిచినట్టు అరిచాడు.

"కాయోయ్!"

అద్దాల బీరువాలు మోగాయి. కల్లో మాత్రలు మోగినట్టే ఉంది నాకు. గంగన్న చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. లాండ్రీవాడు ఆవిరి వదిలేసి తలుపులోంచి తొంగిచూశాడు. ఆఫీసావిడ ఫోను ఎత్తి పట్టుకునే ఉంది.

గంగన్న బయటికెళ్ళాక చెప్పొచ్చుగా అని మీరనొచ్చు. నేనూ అన్నాను తర్వాత. "కాయ జారాక ఆలోచించుకునే టైముంటుందేంట్రా?" అన్నాడు.

జైనబ్‌కి తెలుగు రాదు. కానీ ఆరేళ్ళు పక్కన పనిచేసిన మనిషి. బాబాయ్ చూపు ఎక్కడుందో చూసింది, ఆ చూపు వెంబడి గంగన్న వేలిని చూసింది. కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి గంగన్న పక్కన నిలబడింది. "ఫిర్ సే బోలో" అంది, డబ్బాలు ఒక్కొక్కటే ఆయన చేతిలో పెడుతూ. మొదటిసారి మళ్ళీ తప్పాడు. వారం మందు మీద గళ్ళు గీసి, శుక్రవారం గడికి మసీదు బొమ్మ వేసింది. ఆ రోజు సెలవు అని సైగ చేసింది. రెండోసారి సగం వచ్చింది. మూడోసారి మొత్తం వచ్చింది. నాలుగోసారి కూడా చెప్పించింది.

ఆఫీసావిడ ఫోను చూసింది. ఆరున్నర నిమిషాలు. "ఆ క్లీనరు ఏమన్నాడు?" అని అడిగింది. వాళ్ళ మాటలు తర్వాత జైనబే నాకు చెప్పింది.

"నేల తడిగా ఉంది, జారతారని."

ఆఫీసావిడ కిందికి చూసింది. నాలుగు చెంచాల నురగ ఆవిడ చెప్పుల దాకా వచ్చింది. కాళ్ళు కొంచెం పైకెత్తుకుంది. నమ్మిందని నేననుకోను. "ఇందాకటి ఆరున్నర నిమిషాలు ఏమని రాసుకోను?" అంది.

"కుల్లు సర్ఫ్" అంది జైనబ్. అంతా మందివ్వడమే.

ఆవిడ ఏదో టైపు చేసుకుని వెళ్ళిపోయింది. ఏం రాసుకుందో మాకెవరికీ తెలీదు. బాబాయ్ ఆ సాయంత్రం పెట్టె సర్దుకున్నాడు. కఫీలు వస్తే ఇక పొమ్మంటాడని. కఫీలు వచ్చాడు, జైనబ్‌తో గంటసేపు మాట్లాడాడు, వెళ్ళేటప్పుడు బాబాయ్ ముందు ఆగి, "నేల బాగా తుడుస్తున్నావు" అని వెళ్ళిపోయాడు. మంచిగా అన్నాడో వెటకారంగా అన్నాడో ఇప్పటికీ తేలలేదు.

రెండు నెలలకి బేరం తెగింది. షాపులు అడిగినంతా రాలేదు, సర్కారు ఇస్తానన్న దగ్గరా ఆగలేదు. కఫీలు గొణుగుతూనే సంతకం పెట్టాడు. మా ఆరున్నర నిమిషాలు ఆ అంకెలో ఎక్కడ కలిశాయో, అసలు కలిశాయో లేదో. షరతు మాత్రం ఉంది. లైసెన్సు ఉన్నవాళ్ళే మాట్లాడాలని కౌంటరు మీద కాగితం అంటించారు. బాబాయ్ దాన్ని రోజూ తుడుస్తాడు, దుమ్ము పట్టకుండా.

కలలో నీళ్ళు ఇంకా పైకొస్తున్నాయా అని అడిగాను. "ఇప్పుడు చెట్టు మీద నేను ఉండట్లేదురా" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం షాపు మూసే ముందు గంగన్న నెల మందులకి వచ్చాడు. వేళ్ళ వాపు తగ్గింది, గుప్పిట మూసి చూపించాడు. జైనబ్ రెండు డబ్బాలూ కవర్లో వేసి, ఒక పక్క ఆయన చేతికిచ్చి, రెండో పక్క తను వదల్లేదు.

"తిర్గి చెబ్బు" అంది.

గంగన్న పళ్ళన్నీ బయటపెట్టి అప్పజెప్పాడు. ఏది శుక్రారమో, ఏది దినామో. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కవరు పట్టుకునే చెవి రిక్కించింది. ఏసీ రొద, గోడ అవతల ఇస్త్రీ ఆవిరి బుస, తెల్లటి మధ్యాహ్నం. కవరు ఇద్దరి మధ్యా మెల్లగా ఊగుతోంది.

బీరువాల వెనక, నేల తుడుస్తున్న చోటు నించి వినపడింది.

"ఆఁ."

ఆవిడ కవరు వదిలింది.